బృహద్ధమని విదళనము: రకములు, అత్యవసర చికిత్స



మనది నేత తెలిసిన పేట. వస్త్రమెట్లు నేయబడునో, ఎట్లు చినుగునో మనకు మరియొకరు చెప్పనక్కరలేదు. చినుగు చిన్నదిగా నున్నప్పుడే గమనింపవలెననియు, దానిని పట్టి లాగినచో బారెడగుననియు మన యిండ్లలో పసిపిల్లలు సైతము ఎరుగుదురు. మన శరీరములోని మిక్కిలి పెద్ద రక్తనాళమునకు ఒక్కొక్కప్పుడు ఇట్టి చినుగే కలుగును. దానిని తెలుగున బృహద్ధమని విదళనమనియు, ఆంగ్ల వైద్యులు అయోర్టిక్ డిసెక్షన్ అనియు చెప్పుదురు. ఇది తరచుగా వచ్చు వ్యాధి కాదు. కాని వచ్చినప్పుడు గంటలే ప్రాణమును నిర్ణయించును.

మేము తెలుగు బోధించువారము, వైద్యులము గాము. అయినను ఈ పాఠమును వ్రాయుటకు కారణమొకటి కలదు. పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో ఆసుపత్రి గోడ మీది సూచనలను తెలుగులోనే చదువుకొంటిమి. ఇచ్చట ఆసుపత్రి కాగితము మరాఠీలోనో ఇంగ్లీషులోనో యుండును. ఇంటిలోని అవ్వకు, తాతకు తెలుగే వచ్చును. రెంటి నడుమ నిలిచి మాటలు చేరవేయువారు మన బడి పిల్లలే. ఆ పిల్లలకు విషయము ముందుగా తమ భాషలో తెలిసియుండవలెను. తెలియని దానిని ఏ భాషలోను చెప్పలేము.

1. బృహద్ధమని నిర్మాణము

గుండె ఎడమ దిగువ గది నుండి బయలుదేరు పెద్ద ధమనియే బృహద్ధమని. అది మొదట పైకి పోవును. ఆ భాగము ఆరోహణ బృహద్ధమని. పిమ్మట విల్లువలె వంగును. అది ధమనీ చాపము. అచ్చటి నుండియే మెడకు, తలకు, చేతులకు శాఖలు చీలును. తరువాత వెన్నెముక ప్రక్కగా క్రిందికి దిగును. అది అవరోహణ బృహద్ధమని. ఉదరములో ప్రవేశించి, ప్రేగులకు, మూత్రపిండములకు శాఖలనిచ్చి, బొడ్డు వద్ద రెండుగా చీలి కాళ్లకు పోవును. పెద్దవారిలో దీని వ్యాసము ఎదలో సుమారు మూడు సెంటీమీటర్లు.

గుండె విశ్రాంతిగా నున్నప్పుడు కూడ నిమిషమునకు ఇంచుమించు 5 లీటర్ల రక్తమును ఈ నాళములోనికి నెట్టును. నిమిషమునకు 70 సారులు కొట్టుకొనినచో దినమునకు లక్షకు పైగా దెబ్బలు ఈ నాళపు గోడకు తగులును. ఇన్ని దెబ్బలకు ఓర్చుటకై దాని గోడ మూడు పొరలుగా నిర్మింపబడినది. లోపలిది మిక్కిలి పలుచనై నునుపుగా నుండును. నడిమిది మందమై, సాగు గుణము గల తంతువులతో నిండియుండును. వెలుపలిది దృఢమై నాళమును కాపాడును.

2. విదళనమనగా నేమి?

లోపలి పొర యందు చినుగు కలిగినప్పుడు రక్తము ఆ చినుగు గుండ నడిమి పొరలోనికి చొచ్చును. వెనుక నుండి గుండె కొట్టు ప్రతి దెబ్బకు రక్తము ముందుకు త్రోసికొనిపోయి పొరను పొర నుండి వేరుచేయును. ఇట్లు ఒకే నాళములో రెండు దారులు ఏర్పడును. మొదటి నుండి ఉన్నది నిజమైన దారి. క్రొత్తగా ఏర్పడినది దొంగ దారి. మన పేట పేరు జోడ్‌భావి గదా! బావులు జోడైన మేలే. రక్తమార్గము జోడైన కీడు.

దొంగ దారి ఉబ్బి నిజమైన దారిని నొక్కును. దానివలన ఏ శాఖ మూసికొనిపోయిన ఆ అవయవమునకు రక్తము అందదు. మెదడునకు పోవు శాఖ మూసికొనినచో పక్షవాతము, గుండెకు పోవునది మూసికొనినచో గుండెపోటు, కాలికి పోవునది మూసికొనినచో కాలు చల్లబడి తిమ్మిరెక్కుట కలుగును. మూత్రపిండములు, ప్రేగులు కూడ ఇట్లే దెబ్బతినవచ్చును. చినుగు గుండె వైపునకు ప్రాకినచో కవాటము సరిగా మూసికొనక రక్తము వెనుకకు మరలును. వెలుపలి పొర కూడ పగిలినచో రక్తము గుండె చుట్టునున్న సంచిలో నిండి గుండెను కదలనీయక బిగించును. ఈ వ్యాధిలో ఆకస్మిక మరణమునకు ముఖ్య కారణములలో నిదియొకటి.

ఈ విషయము లోకమునకు తెలిసినది ఒక రాజు మరణమువలన. ఇంగ్లండు రాజు రెండవ జార్జి 1760 అక్టోబరు 25వ తేదీ ప్రాతఃకాలమున మరుగుగదిలో కుప్పకూలి మరణించెను. రాజవైద్యుడు ఫ్రాంక్ నికొల్స్ దేహమును పరీక్షించి, గుండె సంచి రక్తముతో నిండియుండుటను, బృహద్ధమని లోపలి గోడ చినిగియుండుటను చూచి వ్రాసిపెట్టెను. కోట గోడలు, సేనలు గల రాజుకు ఆనాడు లేని చికిత్స నేడు సామాన్యునికి లభించుచున్నది. కాని అది సకాలమున అందవలెను.

3. రకములు

చికిత్స రకమును బట్టి మారును గనుక ఈ భాగమును శ్రద్ధగా చదువుడు. లక్షణములు మొదలైన 14 దినముల లోపు వ్యాధిని తీవ్ర విదళనమందురు.

అమెరికాలోని హ్యూస్టను నగర వైద్యుడు మైకేల్ డిబేకీ, అతని సహచరులు 1965లో దీనిని మూడు తరగతులుగా విభజించిరి. మొదటి తరగతిలో చినుగు ఆరోహణ భాగమున పుట్టి చాపమును దాటి క్రిందివరకు ప్రాకును. రెండవ తరగతిలో ఆరోహణ భాగమునకే పరిమితమగును. మూడవ తరగతిలో అవరోహణ భాగమున పుట్టి క్రిందికి పోవును.

1970లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ వైద్యులు దీనిని ఇంకను సులభముచేసిరి. ఆరోహణ భాగము చినిగినచో, చినుగు ఎచ్చటివరకు పోయినను, అది "ఏ" రకము. ఆరోహణ భాగము చెడక యుండినచో "బి" రకము. డిబేకీ మొదటి రెండు తరగతులు "ఏ"లో చేరును. మూడవది "బి"లో చేరును. "ఏ" రకము గుండెకు సమీపమున నుండుటచే అత్యంత ప్రమాదకరము. చికిత్స లేనిచో మొదటి రెండు దినములలో గంటకు నూటికి ఒకరిద్దరు చొప్పున మరణింతురని వైద్య గ్రంథములు చిరకాలముగా చెప్పుచు వచ్చినవి. ఇటీవలి లెక్కలలో ఈ సంఖ్య కొంత తగ్గినను, గంటలు లెక్కింపవలసిన వ్యాధియే యనుట మారలేదు.

4. కారణములు

ప్రధాన కారణము అధిక రక్తపోటు. రోగులలో ఇంచుమించు నాలుగింట మూడు వంతులవారు రక్తపోటు గలవారే. జనులు దీనిని బీపీ అందురు. ఏండ్ల తరబడి ఎక్కువ ఒత్తిడితో రక్తము కొట్టుటచే నడిమి పొర బలము తగ్గును. రక్తపోటు నొప్పి పుట్టింపదు. నొప్పి లేదు గనుక మందు మానుట, నెల చివర చేతిలో డబ్బు లేదని ముందుగా మాత్రలనే తగ్గించుట మన యిండ్లలో కలదు. కార్ఖానాలో పని చేయు నాయన, ఇంటి వద్ద బీడీలు చుట్టు అమ్మ, ఇద్దరును తమ రక్తపోటు ఎంతయో తెలియక యుండుట అరుదు కాదు. ఇది విచారింపదగిన విషయము.

పొగాకు మరియొక కారణము. వయస్సు ఏబది దాటినవారిలో, అందును పురుషులలో, ఈ వ్యాధి హెచ్చు. ఇదివరకే బృహద్ధమని ఉబ్బియున్నవారికి, గుండె కవాటమునకు పుట్టుకతో మూడు రేకులకు బదులు రెండే యున్నవారికి ప్రమాదము ఎక్కువ.

చిన్న వయస్సులో వచ్చినచో తరచుగా వంశానుగత కారణముండును. మార్ఫాన్ వ్యాధి వానిలో ముఖ్యమైనది. అట్టివారు మిక్కిలి పొడవుగా, సన్నగా ఉందురు. చేతులు, వ్రేళ్లు అసాధారణముగా దీర్ఘములై యుండును. ఎదయెముక లోనికి గాని వెలుపలికి గాని వంగియుండవచ్చును. దృష్టి దోషము కలుగవచ్చును. అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి ఫ్లో హైమన్ 1984 ఒలింపిక్ క్రీడలలో తన జట్టుతో రజత పతకము గెలిచెను. 1986 జనవరి 24న జపానులో ఆట జరుగుచుండగా బల్ల మీద కూర్చున్నదై క్రిందికి ఒరిగి మరణించెను. ఆమెకు 31 ఏండ్లు. మార్ఫాన్ వ్యాధిచే బృహద్ధమని చినుగుటయే కారణమని తరువాత తేలినది. పిమ్మట ఆమె సోదరుని పరీక్షింపగా అతనికిని ఆ వ్యాధి యున్నట్లు తెలిసి చికిత్స జరిగెను. ఇంటిలో నొకరికి ఈ వ్యాధి వచ్చినచో తక్కిన రక్తసంబంధులు పరీక్ష చేయించుకొనవలెననుటకు ఇది మంచి నిదర్శనము.

5. లక్షణములు

నొప్పి అకస్మాత్తుగా మొదలగును. మొదలైన క్షణముననే తీవ్రముగా నుండును. గుండెపోటు నొప్పి తరచుగా క్రమముగా పెరుగుచు, బరువు పెట్టినట్లు, నొక్కినట్లు ఉండును. విదళనము నొప్పి కత్తితో పొడిచినట్లు, గుడ్డను చించినట్లు ఉండునని రోగులు చెప్పుదురు. ఎదలోనో, రెండు భుజపు పలకల నడుమనో పుట్టి, కొందరిలో వీపునకు, నడుమునకు, కడుపునకు జరుగును.

దానితోపాటు చెమటలు పట్టుట, మూర్ఛ, ఒక ప్రక్క కాలుచేతులు పడిపోవుట, మాట తడబడుట, ఒక చేతి నాడి బలముగాను, రెండవ చేతి నాడి బలహీనముగాను ఉండుట కనిపింపవచ్చును. రెండు చేతుల రక్తపోటులో 20 పాయింట్లకు మించిన భేదముండుట ముఖ్యమైన గుర్తు. కొలదిమందిలో నొప్పి లేకుండ మూర్ఛ గాని, పక్షవాతము గాని మాత్రమే వచ్చును.

మన పేటలో ఒక ప్రత్యేక ప్రమాదము కలదు. మరమగ్గముల వద్ద పది పండ్రెండు గంటలు నిలుచువారికి వీపు నొప్పి నిత్యకృత్యము. కావున వీపున నొప్పి రాగానే "నడుము పట్టినది", "గ్యాసు పట్టినది" అని బాము రాచి పండుకొనబెట్టుట సహజము. ఈ భేదమును గుర్తుంచుకొనుడు. పని నొప్పి పనితో పెరిగి, విశ్రాంతితో తగ్గును. విదళనము నొప్పికి మొదలైన నిమిషము చెప్పగలము; ఎట్లు పండుకొనినను తగ్గదు.

6. ఇంటివారి తక్షణ కర్తవ్యము

(1) వెంటనే 108 సంఖ్యకు ఫోను చేయవలెను. మహారాష్ట్రమున 2014 నుండి ఈ సేవ ఉచితముగా లభించుచున్నది. ఇంటి చిరునామా, దగ్గరి గుర్తు స్పష్టముగా చెప్పవలెను.

(2) రోగిని కదలనీయక పండుకొనబెట్టవలెను. మెట్లెక్కించుట, నడిపించుట, ఇద్దరి నడుమ స్కూటరు మీద కూర్చుండబెట్టి తీసికొనిపోవుట కూడదు.

(3) వీపును బలముగా నొక్కుట, మర్దించుట చేయరాదు.

(4) తినుటకు, త్రాగుటకు ఏమియు ఈయరాదు. శస్త్రచికిత్స అవసరము కావచ్చును.

(5) మందుల దుకాణమునుండి మాత్రలు తెచ్చి మ్రింగింపరాదు. గుండెపోటునకు ఉపకరించు ఆస్పిరిన్, రక్తపు గడ్డను కరిగించు మందులు విదళనములో అపకారము చేయును. ఏ మందు ఈయవలెనో వైద్యుడే నిర్ణయింపవలెను.

(6) రోగి వాడుచున్న మాత్రలను, పాత కాగితములను, రేషను కార్డును, ఆధార్ కార్డును వెంట తీసికొనిపోవలెను. ప్రభుత్వ ఆరోగ్య పథకమున చేర్చుటకు అవి ఉపయోగపడును.

(7) వైద్యునికి నాలుగు సంగతులు చెప్పవలెను: నొప్పి ఏ నిమిషమున మొదలైనది, ఎట్లున్నది, ఎటు జరిగినది, రక్తపోటు ఉన్నదా లేదా. మరాఠీలో నిట్లు చెప్పవచ్చును: "అచానక్ ఛాతీత్ ఫాడల్యాసారఖే దుఖాయలా లాగలే, ఆతా పాఠీత్ దుఖతే." ఎదలో హఠాత్తుగా చించినట్లు నొప్పి పుట్టినది, ఇప్పుడు వీపులో నొచ్చుచున్నదని దీని భావము. అవ్వ "చించినట్లున్నది బిడ్డా" అనినచో దానిని కేవలము "దుఖతే" అని కుదింపకుడు. ఆ "చించినట్లు" అను మాటయే వైద్యునికి దారి చూపును.

7. ఆసుపత్రిలో చికిత్స

వైద్యులు మొదట గుండె విద్యుత్ చిత్రము, అనగా ఈసీజీ, తీయుదురు. అది బాగున్నంత మాత్రమున విదళనము లేదనుటకు వీలు లేదు. ఎక్స్‌రేలో ఎద నడిమి నీడ వెడల్పుగా కనబడవచ్చును. రోగమును నిశ్చయించునది సాధారణముగా సీటీ యాంజియోగ్రామ్. నరములో రంగుమందెక్కించి తీయు ఈ చిత్రమున రెండు దారులు, నడుమ పొర స్పష్టముగా కానవచ్చును. అన్నవాహిక గుండ గొట్టము పంపి చేయు ఎకో పరీక్ష కూడ ఉపకరించును.

రోగము నిశ్చయమగుటకు ముందే, బలమైన అనుమానమున్నప్పుడు, చికిత్స మొదలు పెట్టుదురు. అది రెండు మెట్లుగా నుండును. మొదట మార్ఫిన్ వంటి మందుతో నొప్పిని తగ్గింతురు; నొప్పి తగ్గిన రక్తపోటును తగ్గును. దానితోడనే ఎస్మొలాల్, లాబెటలాల్ వంటి బీటా నిరోధక మందులను నరము గుండ ఇచ్చి గుండె వేగమును నిమిషమునకు 60కి, పై రక్తపోటును 100, 120ల నడుమకు తెత్తురు. అప్పటికిని రక్తపోటు దిగనిచో రెండవ మెట్టుగా నాళములను సడలించు మందులు ఇత్తురు. ఈ క్రమము తారుమారు కారాదు. నాళములను ముందుగా సడలించినచో గుండె తత్తరపడి వేగముగా కొట్టుకొని చినుగును పెంచును. మగ్గము మీద పడుగు పోగు తెగినప్పుడు ముందు మగ్గమును ఆపి పిదప పోగును అతుకుదుము గదా! గుండెను ఆపరాదు గనుక దాని వేగమును తగ్గింతురు. రక్తపోటు ముందే పడిపోయియున్న రోగికి ఈ మందులు పనికిరావు. గుండె సంచిలో రక్తము నిండినదని అనుమానించి శస్త్రచికిత్సకు త్వరపడుదురు.

"ఏ" రకమునకు వెంటనే శస్త్రచికిత్స చేయవలెను. ఎదను తెరచి, గుండె, ఊపిరితిత్తుల పనిని యంత్రమునకు అప్పగించి, శరీరమును చల్లబరచి, చినిగిన భాగమును కోసివేసి దాని స్థానమున వస్త్ర నాళమును కుట్టుదురు. అవసరమైనచో కవాటమును సరిచేయుదురు లేక మార్చుదురు.

"బి" రకము చిక్కులు లేనిదైనచో మందులతో కాపాడుదురు. నాళము పగులునట్లున్నను, అవయవములకు రక్తము అందకున్నను, నొప్పి తగ్గకున్నను, తొడమొదటి ధమని గుండ ముడిచిన వస్త్ర నాళమును పంపి లోపల విప్పుదురు. అది చినుగును కప్పి, రక్తమును నిజమైన దారిని పట్టించును. విదళనమున ఈ పద్ధతి ఫలితములు 1999లో ప్రకటితములైనవి.

మన నగరమున ప్రజలు సివిల్ ఆసుపత్రి యని పిలుచు ప్రభుత్వ ఆసుపత్రి, 1963లో నెలకొన్న డాక్టర్ వైశంపాయన్ స్మారక ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధమై యున్నది. ఎచ్చట చేరినను, పెద్ద శస్త్రచికిత్సకై మరియొక చోటికి పంపవలసి రావచ్చును. పూణే ఇచ్చటికి సుమారు 250 కిలోమీటర్లు, హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. కావున రక్తపోటును, గుండె వేగమును అదుపునకు తెచ్చిన పిమ్మట, మందులు నడుచుచుండగనే, వైద్య సిబ్బందితో కూడిన వాహనమున పోవలెను. అద్దె కారులో బంధువులు తామే బయలుదేరుట అపాయము.

8. వస్త్ర నాళము కథ

పైన చెప్పిన డిబేకీ 1908లో లూయిసియానా రాష్ట్రమున జన్మించెను. తల్లిదండ్రులు లెబనాను నుండి వలస వచ్చినవారు. తల్లి కుట్టుపనిలో నేర్పరి. కుమారుడు ఆమె వద్దనే కుట్టు నేర్చుకొనెను. పెద్దవాడై శస్త్రవైద్యుడైన తరువాత, చెడిన ధమనికి మారుగా గుడ్డతో గొట్టము చేయవచ్చునని తలచి హ్యూస్టనులో నొక దుకాణమునకు పోయెను. నైలాను గుడ్డ అయిపోయినదని చెప్పగా, అప్పుడే క్రొత్తగా వచ్చిన డాక్రాను కొనితెచ్చి, ఇంటిలో భార్య కుట్టు యంత్రము మీద గొట్టములు కుట్టెను. డాక్రానే మేలైనదని అనుభవమున తేలినది. అది మన చీరలలో వాడు పాలియెస్టరు జాతి నూలే. 1954లో అతడును అతని సహచరులును విదళనమునకు శస్త్రచికిత్స విజయవంతముగా చేసిరి.

గొట్టముల నేతలోని చిక్కు మనవారికి సులభముగా బోధపడును. నేత వదులైనచో రక్తము కారును. మరీ బిగువైనచో కుట్టుటకు లొంగదు. మొదట రోగి రక్తముతోనే గుడ్డను తడిపి రంధ్రములను మూసెడివారు. తరువాత జెలటిన్, కొల్లాజెన్ పూతలు వచ్చినవి. వంచినప్పుడు ముడతపడి మూసికొనకుండ గొట్టమును మడతలు మడతలుగా చేయుదురు.

2005 డిసెంబరు చివర, 97 ఏండ్ల వయస్సున, డిబేకీకే బృహద్ధమని విదళనము సంభవించెను. 2006 ఫిబ్రవరిలో అతని శిష్యపరంపరలోని వైద్యులు అతడు నేర్పిన విధముననే డాక్రాను నాళమును అమర్చి బ్రతికించిరి. అతడు 2008 జులై 11న, నూరేండ్లు నిండుటకు రెండు నెలల ముందు, మరణించెను. నేత, కుట్టు తక్కువ పనులని తలచువారు ఈ కథను వినవలెను.

9. తరువాతి జాగ్రత్తలు

బ్రతికి ఇల్లు చేరిన రోగి జీవితాంతము మందులు వాడవలెను. రక్తపోటు 130/80కి లోబడియుండవలెను. వైద్యుడు చెప్పిన గడువులలో మరల చిత్రములు తీయించుకొనవలెను. దొంగ దారి ఏండ్ల తరువాత ఉబ్బవచ్చును. బరువులెత్తుట, నూలు మూటలు మోయుట మానవలెను. పొగాకు పూర్తిగా విడువవలెను.

వ్యాధి రాక ముందు చేయదగినది ఇంకను సులభము. ముప్పది దాటిన ప్రతివారును ఏటేట రక్తపోటు చూపించుకొనవలెను. మాత్రలు మొదలుపెట్టినచో వైద్యుడు చెప్పక మానరాదు. ఉప్పు తగ్గింపవలెను. మాత్ర ఖరీదు కొన్ని రూపాయలు. మానినందుకు చెల్లించునది కుటుంబమంతయు.

అభ్యాసము

1. బృహద్ధమని భాగములను పేర్కొని, పటము గీయుము.
2. నిజమైన దారికి, దొంగ దారికి గల భేదమేమి?
3. "ఏ", "బి" రకములను దేనిని బట్టి విభజించిరి? చికిత్సలో భేదమేమి?
4. గుండె వేగమును ముందుగా తగ్గించుటకు కారణమును మగ్గము ఉపమానముతో వివరింపుము.
5. పని వలన వచ్చు వీపు నొప్పిని, విదళనము నొప్పిని ఎట్లు వేరుపరచగలము?
6. ఇంటి పని: మీ యింటిలో ముప్పది దాటినవారి పేర్లు వ్రాసి, ఎవరి రక్తపోటు ఎప్పుడు కొలువబడినదో ఎదుట గుర్తింపుము. ఖాళీగా నున్న పేరుగల వారిని ఈ వారములోనే ఆసుపత్రికి తీసికొనిపొమ్ము. ఈ పాఠమునకు మార్కులు మేము వేయునవి కావు. ఆ పట్టికలో ఖాళీలు పూరించుటయే దీనికి తగిన జవాబు.